చూర్ణమానములు

పొడిరూపమున నున్న ద్రవ్యమును, ఎన్ని మారులు తీసినను ఒకే పరిమాణమున, మోతాదు మోతాదుగా వేరుచేసి యిచ్చు సాధనమునకు చూర్ణమానమని పేరు. తుపాకి తూటాలో మందు నింపువాడును, మాత్రలు ఒత్తు యంత్రము కడ నిలుచు కార్మికుడును, మొక్క మొదట చిటికెడు ఎరువు వేయు రైతును దీనినే ఏదో యొక రూపమున వాడుచుందురు. అమెరికా సంయుక్త రాష్ట్రములు మొదలగు దేశములలో, కాల్చిన తూటాల ఖాళీ గొట్టములను పారవేయక ఇంటియందే మరల నింపుకొను గురికాండ్రు పెక్కుమంది యుండుటచేత, అచ్చట ఈ సాధనమును గూర్చిన చర్చ అంతయు తుపాకిమందు చుట్టును పెరిగినది. తెలుగునాట అట్లు కాదు. ఇచ్చట ఈ విద్యకు నెలవు మందుల కర్మాగారము. హైదరాబాదునకు వాయవ్యమున పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, గడ్డపోతారము, జిన్నారము మున్నగు ఊళ్లమీదుగా వ్యాపించి సంగారెడ్డిని తాకుచున్న పారిశ్రామిక ప్రాంతమున, తెల్లవారినది మొదలు మూడు షిఫ్టులును పొడిని కొలుచుటయే పనిగా గల జనము వేలసంఖ్యలో నున్నారు. కావున తూటాలకు మందు కొలుచు సాధనములను వివరించుచు, ఆ ధర్మములే పటాన్‌చెరు వలయమున ఎట్లు పనిచేయుచున్నవో చూపుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

పొడిని కొలుచుటకు త్రోవలు రెండే: ఒకటి ఘనపరిమాణముచేత, అనగా గిన్నె నిండుటనుబట్టి కొలుచుట, రెండవది తూకము. మన పూర్వులు ధాన్యమునకు మొదటిదానిని, బంగారమునకు రెండవదానిని నియమించిరి. సోలకు నాలుగు గిద్దెలు, తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు, కుంచమునకు నాలుగు మానికలు అను లెక్క నిన్న మొన్నటివరకు ఇంటింట నడచినదే. అయితే కుదిపి కొలిచిన కుంచమునకును, కుదుపక అంచుకు గీసి కొలిచిన కుంచమునకును గింజలలో ఎంత భేదము వచ్చునో కళ్లములో నిలిచిన ప్రతి పాలేరు ఎరుగును. చూర్ణమానమునకు సంబంధించిన శాస్త్రమంతయు ఈ యొక్క అనుభవమునుండియే విస్తరించినదనుట అత్యుక్తి కాదు. గిన్నె మారదు, గిన్నెలో పడు పొడి మారును. కణముల నడుమ చిక్కుకొన్న గాలి ఎంత, కణముల ఆకృతి యెట్టిది, తేమ యెంత, పోసినవాని చేయి నెమ్మదియా వడియా అను సంగతులన్నియు కలిసి ఆ గిన్నెడు పొడి తూకమును నిర్ణయించును. ఒకే చెంచాతో ఉప్పును, మాత్రలలో కలుపు సూక్ష్మస్ఫటిక సెల్యులోజును ఎత్తిచూచిన ఉప్పు సుమారు నాలుగు రెట్లు బరువు తూగును. ఏలయన ఉప్పుపొడి ఘనసెంటీమీటరునకు ఇంచుమించు 1.2 గ్రాములుండగా, ఆ సెల్యులోజు సుమారు 0.3 గ్రాములే.

ఈ చంచలత్వమును అంకెలలో చెప్పుటకు ప్రయోగశాలలందు ఒక సులభమైన పరీక్ష కలదు. గీతలు గల గాజుగొట్టములో 100 మిల్లీలీటర్ల గీత వరకు పొడిని నెమ్మదిగా పోసి, యంత్రముచేత గొట్టమును వందల మారులు తట్టించి, పొడి ఇక దిగదని తోచిన తరువాత మట్టమును చూతురు. అది 80కి దిగినదనుకొందము. 100ను 80చే భాగించగా వచ్చు 1.25 ఆ పొడికి హౌస్నర్ నిష్పత్తి. కార్ 1965లోను, హౌస్నర్ 1967లోను ప్రచురించిన ఇట్టి కొలమానములు నేడు ఔషధశాలల నిత్యవ్యవహారములో చేరిపోయినవి. నిష్పత్తి ఒకటికి ఎంత దగ్గరగా నున్న పొడి అంత చక్కగా జారును, 1.25 దాటినదన్న దానిని గిన్నెకొలతకు అప్పగించుటకు వెనుకాడవలెను. చూర్ణమానమును కొనదలచినవారు యంత్రపు మెరుగును చూచుటకు ముందు తాము కొలువదలచిన పొడియొక్క ఈ స్వభావమును తెలిసికొనుట మేలు. మంచి యంత్రము చెడ్డ పొడిని బాగుచేయజాలదు.

తుపాకిమందు విషయమున గిన్నెకొలతయే ప్రాచీనము. సురేకారము, గంధకము, బొగ్గు కలిపి చేసిన నల్లమందు వాడుకలో నున్న శతాబ్దములలో సిపాయి కొమ్ముబుర్రలో మందు మోసికొని, చిన్న గొట్టముతో ఒక మోతాదు కొలిచి తుపాకి గొట్టములో దట్టించెడివాడు. పదునేడవ శతాబ్దపు ఐరోపా సిపాయిలు ముందుగానే కొలిచి నింపిన కొయ్యడబ్బీలను భుజపట్టెకు వ్రేలాడదీసికొని యుద్ధమునకు పోయెడివారు. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదున నిజాము కొరకు నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా, తోప్ కా సాంచా అను పేర నేటికిని నిలిచియున్నది. ఆ కాలపు ఫిరంగులకును మందు కొలత ప్రాణమే. నల్లమందు ఒక విధముగా దయగలది: కొలతలో స్వల్పమైన హెచ్చుతగ్గులను అది సహించును. 1884లో ఫ్రాన్సున వీయెల్ పొగలేని మందును కనుగొనిన తరువాత ఆ దయ అంతరించినది. అదే గిన్నెడు పొగలేని మందులో ఇమిడియుండు శక్తి చాల హెచ్చు గనుక, నల్లమందునకు ఏర్పరచిన కొలగిన్నెతో దీనిని కొలిచి నింపుట తుపాకి బ్రద్దలగుటకు, చేతులు కన్నులు పోవుటకు దారితీయును. ఈ ఒక్క పొరపాటునుండి లోకులను తప్పించుటకే ప్రతి మందునకు ప్రత్యేకముగ తూకపు పట్టికలను తయారీదారులు ప్రచురింపసాగిరి. నాటినుండి గిన్నె పనివాడు, త్రాసు న్యాయమూర్తి.

ఆ తూకము గ్రెయినులలో చెప్పబడును. పౌనునకు 7000 గ్రెయినులు. ఒక గ్రెయిను 64.8 మిల్లీగ్రాములకు ఇంచుమించు సమానము. ఇది మనకు పరాయి మానమని తలపరాదు. 1833లో ఈస్టిండియా కంపెనీవారు స్థిరపరచిన తులము సరిగా 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు, తులమునకు తొంబదియారు రత్తులను లెక్కతో చూచిన కంసాలి గురిగింజ రెండు గ్రెయినులకు కొంచెము తక్కువ. వైద్యులును గ్రెయినులలోనే మందులు వ్రాసిరి. 1958 అక్టోబరు 1 మొదలుకొని దశలవారిగా దేశమున మెట్రిక్ మానములు అమలులోనికి వచ్చినను, అయిదు గ్రెయినుల మాత్ర 325 మిల్లీగ్రాములుగను, పది గ్రెయినుల మాత్ర 650 మిల్లీగ్రాములుగను వేషము మార్చి నేటికిని మన ఇళ్లలో నున్నవి. జ్వరమునకు మ్రింగు 650 పారాసిటమాల్ మాత్ర ఆ పాత పది గ్రెయినులే.

ఇక యంత్రము మాట. పందొమ్మిదవ శతాబ్దపు చివర అమెరికాలో బార్లో అను నతడు నెలకొల్పిన ఐడియల్ సంస్థయు, 1925లో దానిని కొన్న లైమన్ సంస్థయు ప్రచారమునకు తెచ్చిన రూపమే స్వల్పమైన మార్పులతో నేటికిని నడచుచున్నది. పైన మందు పోయు తొట్టి, దాని క్రింద లోహపు డొలక, డొలకయందు మరచీలచే లోతు హెచ్చించుటకు తగ్గించుటకు వీలైన గుంట, ప్రక్కన పిడి. పిడిని ఎత్తగా గుంట తొట్టివైపు తిరిగి మందుతో నిండును. దించగా డొలక అంచు పైమట్టమును గీసివేసి, గుంట క్రిందికి తిరిగి, మందు గొట్టము గుండా తూటాలోనికి జారును. చూచుటకు ఇంత సులభమైన ఈ పనియందు తప్పులు చొరబడుటకు అవకాశములు పెక్కు. పిడిని ఒకమారు మెల్లగను మరొకమారు వడిగను కదపిన గుంటలో మందు కూరుకొను తీరు మారును. కావున అనుభవజ్ఞులు ప్రతి మారును ఒకే వేగమున ఎత్తి, కొసయందు ఒకే పాటి తట్టు తగులునట్లు చూచి, అదే తీరున దించుదురు. బంతులవలె గుండ్రని కణములు గల మందు నీరువలె జారి సమముగా నిండును. పలుచని పలకల మందు మధ్యమము. సన్నని పుల్లముక్కలవంటి మందు డొలక అంచున ఇరుకుకొని చిటుక్కున తెగును. ఆ చిటుకు చేతికి తెలిసిన మోతాదును వెనుకకు పోసి మరల తీయుట మంచిది. వెడల్పైన లోతులేని గుంటకంటె ఇరుకైన లోతైన గుంట ఎన్నదగినది; పైమట్టము చిన్నదగుటచే గీతలో వచ్చు తప్పును చిన్నదగును. ఏ యంత్రమును మిక్కిలి చిన్న మోతాదునకును, మిక్కిలి పెద్ద మోతాదునకును సమానముగ పనికిరాదు గనుక, తన అవసరము యంత్రపు పరిధిలో నడుమ పడునట్లు ఎంచుకొనవలెను.

తొట్టిలో మందు నిండుగా నున్నప్పుడును, అడుగంటినప్పుడును గుంటలో పడు మోతాదు మారదా యను ప్రశ్న సహజము. నీరైనచో తప్పక మారెడిది. లోతునుబట్టి నీటియొత్తిడి పెరుగుచుండును. పొడి నడవడి వేరు. గింజల గాదెలపై ప్రయోగములు చేసి జాన్సెన్ అను జర్మను ఇంజనీరు 1895లో చూపినదేమనగా, గాదె గోడలు రాపిడిచేత గింజల బరువును చాలవరకు తామే మోయును, కొంతలోతు దాటిన పిదప అడుగున ఒత్తిడి దాదాపు పెరుగదు. ఇసుకగడియారము కూడ మొదటినుండి తుదివరకు ఇంచుమించు ఒకే వేగమున కారును. అయినను తొట్టి దాదాపు ఖాళీయైనప్పుడు ఆ ధర్మము పనిచేయదు గనుక, తొట్టిలోపల అడ్డుపలకను అమర్చి, మందు మూడవవంతునకు దిగకముందే మరల నింపుచుండుట ఆచారమైనది. పటాన్‌చెరు ప్రాంతపు మాత్రల యంత్రముల హాపర్లను కనిపెట్టుకొని యుండు ఆపరేటరు చేయునదియు ఇదే.

సర్దిన యంత్రమును నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. చాలమంది పది మోతాదులను ఒకే పళ్లెములో పోసి తూచి పదిచే భాగింతురు. దీనివలన సగటు తెలియును గాని, ఒకటి హెచ్చై మరొకటి తగ్గిన సంగతి ఆ సగటు చాటున దాగిపోవును. తుపాకిలో పేలునది సగటు కాదు, ఆ యొక్క తూటా. ఈ రహస్యమును భారత ఔషధకోశము చక్కగా గ్రహించినది. మాత్రల పరీక్షలో ఇరువది మాత్రలను తీసి, సగటు కట్టి, పిమ్మట ఒక్కొక్కదానిని విడిగా తూచవలెనని అది శాసించినది. సగటు 80 మిల్లీగ్రాములు గాని అంతకు లోపు గాని అయినచో నూటికి 10, ఆపైన 250 లోపు నూటికి 7.5, 250 మొదలుకొని నూటికి 5 వంతుల తేడా వరకు ఓర్చును. రెండు మాత్రలకు మించి ఈ హద్దు దాటరాదు. ఏ ఒక్కటియు దీనికి రెట్టింపు హద్దు దాటరాదు. 500 మిల్లీగ్రాముల మాత్రను తీసికొందము: పదునెనిమిదియైనను 475కును 525కును నడుమ నుండవలెను; మిగిలిన రెండును 450కి దిగరాదు, 550కి పోరాదు. ఇంటి బల్లమీద మందు కొలుచువారు కూడ ఈ పద్ధతినే అవలంబించినచో ఎన్నో ప్రమాదములు తప్పునని నా దృఢమైన అభిప్రాయము. త్రాసును గూర్చి ఒక హెచ్చరిక: మిల్లీగ్రాములు చూపు ఎలక్ట్రానిక్ త్రాసునకు తిరుగుచున్న పంకాగాలియే చాలు, అంకె నిలువదు. పంకా ఆపి, త్రాసు సమమట్టముగా నున్నదో లేదో బుడగను చూచి, తెలిసిన తూకపురాయిని పెట్టి సరిచూచిన తరువాతనే పని మొదలిడవలెను.

ఇచ్చట చట్టము మాట చెప్పక తప్పదు. భారతదేశమున తూటాలను ఇంటియందు నింపుకొనుట వినోదవృత్తి కాదు. 1959నాటి ఆయుధచట్టపు అయిదవ సెక్షను లైసెన్సు లేక ఆయుధములను గాని తూటాలను గాని తయారుచేయుటను నిషేధించుచున్నది. 2019 సవరణ పిమ్మట ఆ నేరమునకు ఏడేండ్లకు తక్కువ కాని, యావజ్జీవము వరకు పోగల శిక్ష ఏర్పడినది. మందుపొడిని తయారుచేయుట, దాచుట, తరలించుట 1884నాటి పేలుడుపదార్థముల చట్టమునకును, 2008నాటి నియమములకును లోబడియుండును. వీని అమలును నాగపూరు కేంద్రముగా గల పెట్రోలియం, పేలుడుపదార్థముల భద్రతాసంస్థ చూచును. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ట్రాప్ జట్టుతో స్వర్ణమును, ఒంటరిగా కాంస్యమును గెలిచిన హైదరాబాదు గురికాడు కైనన్ చెనాయ్ వంటివారు ఆడు పోటీలలో తూటాకు 24 గ్రాముల రవ్వలు మాత్రమే ఉండవలెనను నియమము కలదు. అట్టి తూటాలు కర్మాగారములలో యంత్రములు నింపినవే. సంగారెడ్డి జిల్లాలో ఎద్దుమైలారమున 1984లో శంకుస్థాపన జరిగిన ఆయుధకర్మాగారము తూటాలను గాక, సారథ్ అను పేరుగల సైనికవాహనములను చేయును.

పటాన్‌చెరు వలయమున పొడికొలత విద్య ఎట్లు నాటుకొన్నదో చెప్పవలెనన్న హైదరాబాదులోని బాలానగరునుండి మొదలుపెట్టవలెను. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ మందుల సంస్థ సోవియట్ దేశపు సాయముతో అచ్చట నెలకొల్పిన కర్మాగారమున పని నేర్చిన రసాయనవేత్తలు, 1970నాటి పేటెంటు చట్టము మందులపై వస్తుపేటెంటును తొలగించిన తరువాత, తామే బల్క్ డ్రగ్, అనగా మందుల మూలద్రవ్యముల, పరిశ్రమలను స్థాపింపసాగిరి. 1973లో ఏర్పడిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చూపిన స్థలములు వారిని ఈ దిక్కునకు ఆకర్షించినవి. బల్క్ డ్రగ్ తయారీలో పొడిని తూకముచేతనే వ్యవహరింతురు: డిస్పెన్సింగ్ గదిలో గాలి పైనుండి క్రిందికి వీచుచుండగా, ముసుగు తొడిగిన కార్మికుడు సంచి బరువును టేర్ చేసి, ముడిసరుకును తూచి, చీటీ అంటించి, రెండవవాడు సాక్షిగా సంతకము చేసిన తరువాతనే అది రియాక్టరు చార్జింగునకు పోవును. ఇరువురి సంతకమను ఈ నియమమును నేను మిక్కిలి గౌరవింతును. ఒకనికన్ను పొరబడిన చోట రెండవకన్ను పట్టుకొనును.

మాత్రలు, గొట్టపుమాత్రలు చేయు చోట పద్ధతి తారుమారగును; అచ్చట వేగము కావలెను గనుక గిన్నెకొలతయే గతి. మాత్రల యంత్రమున తిరుగుడు పళ్లెములో వరుసగా రంధ్రములుండును. ప్రతి రంధ్రమునకు అడుగున ఒక ఉక్కుకడ్డీ లేచి దిగుచుండును. ఆ కడ్డీ ఎంత దిగినదో అంత లోతు గుంట; ఆ గుంట నిండుగా పొడి పడి, పలకచే గీయబడి, పైకడ్డీ దిగి ఒత్తగా మాత్రయగును. మాత్ర బరువు తగ్గినచో ఆపరేటరు చేయునది క్రిందికడ్డీ లోతును పిసరంత పెంచుటయే. డొలకలో మరచీల త్రిప్పు గురికాడు చేయునదియు అదే. జారని పొడిని జారునట్లు చేయుటకు, సన్నని పొడిని జిగురుతో తడిపి గుళికలుగా కట్టించి, ఆరబెట్టి, మెష్‌లో జల్లెడ పట్టుదురు. వానకాలమున ఈ గుళికలు తేమను పీల్చి ముద్దగట్టకుండ గదిలోని తేమను అదుపుచేయుదురు. జిలాటిన్ గొట్టములు తేమ నూటికి 35కును 65కును నడుమ లేకున్న పెళుసెక్కుటయో మెత్తబడుటయో జరుగును.

పొడి కొలుచుచోట దుమ్ము లేచును. దుమ్ము గాలిలో కలిసి, మూసిన చోట, నిప్పురవ్వ సోకిన పేలును. నల్లమందు విషయమున ఇది లోకవిదితము గనుక దాని పనిముట్లను రవ్వలు పుట్టని ఇత్తడితో చేయుదురు. పిండి, పంచదార, సెల్యులోజు కూడ పేలునను సంగతి అంతగా తెలియదు. సెల్యులోజు పొడి తయారుచేయు ఒక పాశమైలారము కర్మాగారమున 2025 జూన్ 30న జరిగిన విస్ఫోటనములో నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో పొట్టకూటికై ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు అనేకులు. ఆరిన పొడి గొట్టములో జారునప్పుడు రాపిడిచే విద్యుదావేశము పుట్టును. కావున డ్రమ్మునకు, తొట్టికి, మనిషికి ఎర్తింగు తీగ తగిలించుట, మూలలలో చేరిన దుమ్మును నాటికి నాడు తుడిచివేయుట, పేరుకొనిన పొడిని సంపీడిత గాలితో ఊదకుండుట ప్రాణరక్షకములు. ఎర్తింగు క్లిప్పు తగిలినదో లేదో చూచుటకు ఒక్క నిముషము పట్టదు. ఆ నిముషమును పనివానికి ఇవ్వని యాజమాన్యము ఏ లెక్కనైనను సమర్థింపదగినది కాదు.

పటాన్‌చెరులోనే 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధనాసంస్థ పొడికొలతను మరియొక దారిని వాడినది. సహారా దిగువ కరవు ప్రాంతములలోని చిన్న రైతులకు ఎరువు కొనుశక్తి లేదని చూచి, పొలమంతట చల్లుటకు బదులు విత్తు పడు గుంటలో మొక్కకు సుమారు 6 గ్రాములు మాత్రమే వేయు పద్ధతిని వారు ప్రచారము చేసిరి. కొలత సీసామూత, మూత లేనిచో మూడువ్రేళ్ల చిటికె. ఇచ్చట త్రాసు అక్కరలేదు. తప్పు కొంత వచ్చినను మొక్క సహించును. ఎంత సూక్ష్మమైన కొలత కావలెనన్నది ఆ తప్పువలన కలుగు నష్టమునుబట్టి నిర్ణయించుకొనవలసినదనుటకు దీనికంటె మంచి దృష్టాంతము నాకు తోచదు.

గిన్నెను త్రాసును ఒకటిగా చేయు యంత్రములు ఇటీవల వ్యాపించుచున్నవి. తూటాలు నింపువారి బల్లపై నుండు ఎలక్ట్రానిక్ సాధనము మరతిరుగుడు గొట్టముచే మందును మొదట వడిగా పోసి, తూకము గమ్యమునకు చేరువగుకొలది వేగము తగ్గించి, చివరకు గింజ గింజగా రాల్చి నిలుచును. ఔషధశాలలలో ఎడతెగక సాగు తయారీకి వాడు ఫీడరు తొట్టియంతయు త్రాసుపై కూర్చుండును. తొట్టి బరువు ఎంత వేగముగా తగ్గుచున్నదో చూచుచు మరతిరుగుడును యంత్రమే సవరించుకొనును. తొట్టిని మరల నింపు కొద్ది క్షణములు మాత్రము తగ్గుదల తెలియదు గనుక, అంతవరకు నేర్చిన వేగముతో అది కన్నులు మూసికొని గిన్నెకొలతపైననే నడచును. అందుచేత ఈ యంత్రములను అమర్చు ఇంజనీరులు ఆ క్షణములను వీలైనంత పొట్టిగా, తొట్టి మరీ అడుగంటకముందే వచ్చునట్లుగా ఏర్పాటు చేయుదురు.